కొండ క్వారీ పునరుద్ధరణ: చివర్లో ఒకేసారా, పై మెట్టు నుంచా, మడులుగానా?

క్వారీ మైనింగ్ ప్లాన్‌లో ఒక పేజీ ఉంటుంది, తవ్వకం అయ్యాక ఈ నేలను ఏం చేస్తారని అడిగే పేజీ. చాలా ప్లాన్లలో అక్కడ ఒకే వాక్యం కనిపిస్తుంది: ‘లీజు ముగిసే నాటికి మొక్కలు నాటబడును.’ ఏ మెట్టు మీద నాటుతారు, ఏ మట్టిలో నాటుతారు, ఆ మట్టిని అప్పటిదాకా ఎక్కడ దాస్తారు, పై మెట్టుకు నీళ్ల ట్యాంకరు ఏ దారిన ఎక్కుతుంది, ఇవేవీ ఉండవు. అయిదేళ్ల తర్వాత ఆ వాక్యాన్ని అమలు చేద్దామని వెళ్తే పై మెట్లకు దారే ఉండదు. ర్యాంపు ఎప్పుడో క్రషర్‌లోకి వెళ్లిపోయి ఉంటుంది.

ఒడిశాలోని గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లోనూ గంజాం దక్షిణపు కొండల్లోనూ 2 నుంచి 5 హెక్టార్ల రాతి క్వారీ పాడుకున్నవారికి, అలాంటి క్వారీకి ఒప్పుకోవాలా వద్దా అని తేల్చుకోవలసిన గ్రామసభలకు ఈ పోలిక. ఎంచుకోవడానికి మూడు దారులున్నాయి. తవ్వకమంతా అయ్యాక ఒకేసారి బాగుచేయడం మొదటిది. పై మెట్టు నుంచి కిందికి, ఒక్కో మెట్టు పూర్తవగానే మట్టి పోసి మొక్క నాటుకుంటూ దిగడం రెండోది. కొండను అడ్డంగా మడులుగా విడగొట్టి, ఒక మడి తవ్వుతూ తవ్వేసిన మడిని పూడ్చుకుంటూ పోవడం మూడోది. ఏది మంచిదో కొండను చూడకుండా చెప్పలేం.

## రాయి ఏది, పొర ఎటు వాలింది

తూర్పు కనుమల్లో ఈ భాగమంతా ఎంతో లోతున వేడికి, ఒత్తిడికి మారిపోయిన పురాతన శిల. క్వారీ పనికి మూడు రకాలు తెలిస్తే చాలు.

ఖోండలైట్ పొరల రాయి. ఎర్రటి గార్నెట్ గింజలు, తెల్లటి సిల్లిమనైట్ పోగులు కంటికి కనిపిస్తాయి. 1902లో టి.ఎల్. వాకర్ కలహండి కొండల రాళ్లను వివరిస్తూ, అక్కడి ఖోండ్ జనం (మన వైపు కోదులంటాం) పేరు మీద దీనికి ఆ పేరు పెట్టాడు. వానకు, ఎండకు దీనిలోని ఫెల్డ్‌స్పార్ తెల్లటి బంకమట్టిగా, గార్నెట్ తుప్పు రంగు మట్టిగా మారతాయి. అందుకే ఖోండలైట్ కొండ మీద కుళ్లిన రాయి చాలా లోతుకు ఉంటుంది. కోణార్క గుడి ఎక్కువగా ఈ రాయితోనే కట్టారు. శతాబ్దాల గాలికి, వానకు దాని శిల్పాలు ఎలా అరిగిపోయాయో చూసినవారికి ఈ రాయి స్వభావం వేరే చెప్పనక్కర్లేదు.

చార్నోకైట్‌నే క్వారీల్లో నల్లరాయి అంటారు. కొత్తగా పగిలిన ముఖం నూనె రాసినట్టు, ఆకుపచ్చ కలిసిన బూడిద రంగులో మెరుస్తుంది. పొరలు తక్కువ, బీటలు ఎక్కువ. బీటల వెంట అరిగి గుండ్రటి బండలవుతుంది. బండల మధ్య మట్టి ఉంటుంది కానీ తక్కువే. క్రషర్‌కు కావలసింది ఈ రాయే. మూడోది గ్రానైట్ నైస్, గార్నెట్ చుక్కలున్న తెల్లటి లెప్టినైట్. స్వభావంలో ఇవి ఆ రెండింటికీ మధ్యస్థం.

రాయి రకం కన్నా ముఖ్యమైనది పొర ఎటు వాలిందన్నది. ఈ కనుమల్లో పొరలు ఎక్కువగా ఈశాన్యం నుంచి నైరుతికి సాగి, ఆగ్నేయం వైపు వాలతాయి. మడతలు పడ్డ చోట మాత్రం అదే కొండకు రెండు వైపులా రెండు తీరులుగా ఉంటాయి. కాబట్టి కొలవాలి. శుభ్రమైన పొర ముఖం మీద సీసాతో నీళ్లు పోయండి. చార దిగిన దిశే పొర వాలిన దిశ. ఆ చార మీద ఫోన్‌లోని లెవెల్ ఆనిస్తే కోణం వస్తుంది. దిశ చూసేటప్పుడు మాత్రం ఫోన్‌ను రాయికి ఆనించకూడదు. నల్లరాయిలో మాగ్నెటైట్ ఉంటే దిక్సూచి పక్కకు లాగుతుంది. నిలబడి, నడుము ఎత్తున పట్టుకుని, రెండు మూడు చోట్ల నుంచి చూసి సరిపోల్చుకోవాలి. కనీసం పది చోట్ల ఇలా రాసుకుంటే కొండ లెక్క తెలుస్తుంది.

పొర కొండ లోపలికి వాలితే మీ అదృష్టం. ముఖం (కోసిన రాతిగోడ) నిలబడుతుంది. పొర మరీ నిటారుగా, 70 డిగ్రీలు దాటి ఉంటే మాత్రం పలకలు ముందుకు ఒరిగి పడతాయి. పొర క్వారీ ముఖం వైపే వాలి, ఆ కోణం 30 డిగ్రీలు దాటి, కోసిన ముఖం కోణం కన్నా తక్కువగా ఉంటే అడుగు కోయగానే పైపొర చూరు పెంకులా జారుతుంది. పొరల మధ్య తడి బంకమట్టి ఉంటే 20 డిగ్రీల వాలే చాలు. ఇలాంటి చోట ముఖాన్ని పొర వాలు వెంటే కోసి వదలాలి, లేదా క్వారీ ముఖాన్నే వేరే దిక్కుకు తిప్పాలి. నిటారు మెట్లు కోసి వాటి మీద మట్టి, నీరు, మొక్క పెడితే జారుడుకు బరువు మనమే అందించినట్టవుతుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు గజపతి జిల్లా బరఘరా దగ్గర కొండచరియ విరిగి ప్రాణాలు పోయాయి. కుళ్లిన రాయి, నిటారు వాలు, రెండు రోజుల కుండపోత కలిస్తే కొండకు ఆ మాత్రం చాలు. దాని పాదాన్ని మనం కోస్తున్నామంటే ఆ మూడింటి లెక్కా ముందే మన దగ్గర ఉండాలి.

## పై మట్టి ఎంత ఉంది

ఎవరూ వేయని లెక్క ఇదే. ఒక ఉదాహరణ తీసుకుందాం.

4 హెక్టార్ల లీజు, 200 మీటర్ల చదరం. నాలుగు వైపులా 7.5 మీటర్ల హద్దు పట్టీ వదిలితే తవ్వడానికి 185 × 185, అంటే 34,225 చదరపు మీటర్లు మిగులుతుంది. కొండ మీద సగం బండే. మిగతా సగంలో సగటున 20 సెంటీమీటర్ల పై మట్టి ఉందనుకుంటే చేతికొచ్చేది సుమారు 3,420 ఘనపు మీటర్లు.

ముఖం 36 మీటర్ల ఎత్తు. 6 మీటర్ల ఎత్తున్న ఆరు మెట్లు, వాటి మధ్య 6 మీటర్ల వెడల్పుతో అయిదు తలాలు (మెట్టు మీది చదును పట్టీలు). మొత్తం మీద ముఖం 45 డిగ్రీలకు దగ్గరగా వాలుతుంది. తలాలకు, ముఖాల వాలుకు కలిపి 36 మీటర్లు పోతే కింద చదును 149 × 185, సుమారు 27,565 చదరపు మీటర్లు.

| ఎక్కడ | విస్తీర్ణం (చ.మీ.) | కావలసిన మందం | కావలసిన మట్టి (ఘ.మీ.) |
|---|---|---|---|
| అయిదు తలాలు, ఒక్కోదానిలో 4 మీటర్ల పట్టీ | 3,700 | 50 సెం.మీ. | 1,850 |
| కింది చదును మొత్తం | 27,565 | 30 సెం.మీ. | 8,270 |
| మొత్తం | 31,265 | | 10,120 |
| చేతిలో ఉన్నది | | | 3,420 |

కావలసిన దానిలో మూడో వంతే ఉంది. బయటి నుంచి తెస్తామంటే ఇంకో పొలాన్ని గుల్ల చేయడమే. ఉన్నదాన్ని ఇలా పంచుకోవచ్చు: తలాలకు 1,850, కింద 7 మీటర్ల ఎడంతో 562 గుంతలు, గుంతకు ఒక ఘనపు మీటరు చొప్పున 562, మిగిలిన వెయ్యి చిల్లర 10 సెంటీమీటర్ల మందాన పరిస్తే ఒక హెక్టారు మేత గడ్డి. మిగతా చదును రాతి చదునుగానే ఉంటుంది. అది నిజాయితీగా ప్లాన్‌లో రాసుకోవాలి.

తవ్విన మట్టి వదులుగా పెరిగినట్టు కనిపిస్తుంది. ఆ పెరుగుదలను లెక్కలో కలపవద్దు, రెండు వానలకు అణిగిపోతుంది. నల్లటి పై మట్టి, దాని కింది ఎర్ర మొరం, ఆ కింది కుళ్లిన రాయి మూడూ మూడు కుప్పలు. ప్రొక్లైన్ ఒక్క బకెట్‌తో మూడింటినీ కలిపి ఎత్తేస్తే పై మట్టి అనేదే మిగలదు. ఆపరేటర్‌కు ఈ మాట మొదటి రోజే చెప్పాలి. ఎండుతున్నప్పుడే ఒలవాలి, తడి మట్టిని చక్రాలు తొక్కితే ఇటుకవుతుంది. కుప్ప రెండు మీటర్లు మించితే లోపల గాలి ఆడదు, వేర్లకు తోడుండే బూజు, సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. కుప్ప మీద జనుము గానీ పిల్లిపెసర గానీ చల్లితే కొంత బతుకుతుంది. అన్నిటికన్నా మంచి గిడ్డంగి కొండే. తవ్వకం దాకా రాని భాగంలో మట్టి గడ్డితో, పొదతో అలాగే ఉండనిస్తే దానికి ఖర్చు లేదు, నష్టం లేదు. మూడు దారుల్లో ఏది మేలన్నది చాలావరకు ఈ ఒక్క సంగతి మీదే తేలుతుంది.

## గడువు, నీరు, కింది ఊరు

ఈ వైపు రాతి సైరాతులు (ప్రభుత్వం వేలం వేసే క్వారీలు) ఎక్కువగా అయిదేళ్ల లీజుకే వేలం పాడతారు. అయిదేళ్లంటే అయిదు వానాకాలాలు. మొక్క నిలబడ్డానికి కనీసం మూడు కావాలి. ఈ లెక్కన మూడో ఏడు దాటి నాటిన మొక్కను చూసుకునేది మీరు కాదు, మీ తర్వాత పాడుకున్నవారు. తవ్వి వదిలిన నేలను గడ్డి, మేత, చెట్టు పెరిగే స్థితికి తేవాలన్న షరతును అనుమతుల్లో చేర్చమని సుప్రీంకోర్టు 2020 జనవరి 8న ఆదేశించింది. మీ పర్యావరణ అనుమతి పత్రంలో ఆ షరతు ఏ మాటల్లో ఉందో చూసుకోండి.

నీటి లెక్క సులువే. ముఖం పైన కొండ 2 హెక్టార్ల నీటిని దించుతుందనుకుందాం. గంటకు 100 మిల్లీమీటర్ల వానకు, అందులో 70 శాతం జారిపోతే, సెకనుకు దాదాపు 0.4 ఘనపు మీటర్ల నీరు వస్తుంది. అడుగు అర మీటరు, లోతు అర మీటరు, పక్కలు ఏటవాలుగా ఉన్న కాలువ దీనికి సరిపోతుంది. ఈ కాలువ మొదటి బ్లాస్టింగ్‌కు ముందే, ముఖం అంచుకు పైన, హద్దు పట్టీలో ఉండాలి. క్వారీ లోపల పడ్డ నీరు వేరు. గంటలో 50 మిల్లీమీటర్లు పడి, అందులో 80 శాతం జారితే ఆ 34 వేల చదరపు మీటర్ల నుంచి సుమారు 1,360 ఘనపు మీటర్ల బురదనీరు దిగుతుంది. 30 × 20 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల లోతున్న తేట గుంట లేకపోతే అది నేరుగా కింది వరి మడిలోకి పోతుంది. రాతిపొడి పేరుకున్న మడి ఆరాక సిమెంటు గచ్చులా గట్టిపడుతుంది.

## మూడు దారులు పక్కపక్కన

| చూడవలసినది | చివర్లో ఒకేసారి | పై నుంచి కిందికి | మడులుగా |
|---|---|---|---|
| సరిపోయే కొండ | ఒక హెక్టారు లోపు, తక్కువ ఎత్తు | నిటారు నల్లరాయి కొండ, పొర లోపలికి | పొట్టి, వెడల్పాటి కొండ, కుళ్లిన రాయి లోతుగా |
| పై మట్టి | ఏళ్ల తరబడి కుప్పలో, సగం చచ్చి | కింది వాలు మీది మట్టి నేరుగా పై తలానికి | పక్క మడి మట్టి నేరుగా తవ్వేసిన మడికి |
| మట్టి ఎత్తడం | రెండుసార్లు | ఎక్కువగా ఒకసారి, కానీ ఎగువకు | ఒకసారి, దగ్గరి దూరం |
| మొదటి ఏడు ఖర్చు | తక్కువ | ఎక్కువ (పైకి దారి) | మధ్యస్థం |
| రాయి సరఫరా | నిలకడ | మొదట్లో నెమ్మది | మడి మారినప్పుడు తగ్గుతుంది |
| పెద్ద ప్రమాదం | పై మెట్లకు దారి పోవడం | నాటిన తలం మీద రాళ్లు పడడం | ఇరుకు మడిలో ఎత్తైన ముఖం కింద పని |
| అయిదో ఏడు చివర మిగిలేది | నగ్న రాయి, ఒక వాగ్దానం | మూడేళ్ల మొక్కలున్న పై తలాలు | సగం పచ్చ, సగం రాయి |

### చివర్లో ఒకేసారి

సమర్థించడానికి ఎక్కువ లేదు. ఒక హెక్టారు లోపు, రెండేళ్లలో అయిపోయే చిన్న క్వారీకి, మెట్లు రెండే ఉన్న చోట ఇది చాలు. అంతకు మించితే నష్టం ఇలా వస్తుంది: 3,420 ఘనపు మీటర్ల మట్టి అంటే 10 ఘనపు మీటర్ల టిప్పర్‌కు 342 ట్రిప్పులు. కుప్పకు ఒకసారి, కుప్ప నుంచి మళ్లీ ఒకసారి, మొత్తం 684. రెండో 342 ట్రిప్పులు రాయి అమ్మకం ఆగిపోయాక, చేతిలో డబ్బు ఆడని నెలల్లో తిప్పాలి. అందుకే అవి జరగవు.

### పై నుంచి కిందికి

నిటారు కొండకు ఇదే సరైన దారి. కిందే తవ్వుకుంటూ పై అంచును కూల్చే పద్ధతి ఇప్పటికీ చిన్న క్వారీల్లో కనిపిస్తుంది. దానిలో పై మట్టి రాయితో పాటే క్రషర్‌లో పడుతుంది, కింద మనుషుల మీద చరియ పడుతుంది. ఆ పద్ధతిని ఎంపికగా కూడా లెక్కించకూడదు.

మొదట కొండ పైదాకా టిప్పర్ దారి వేయాలి. ఖర్చంతా దానిదే. దారి వాలు పదికి ఒకటి మించితే వానలో నిండు టిప్పర్ దిగలేదు. తర్వాత పైన రెండు మెట్ల మేరకే మట్టి ఒలవాలి. ఆ కొద్ది మట్టిని హద్దు పట్టీలో కుప్ప వేయవచ్చు. మొదటి మెట్టు తుది హద్దుకు చేరగానే ఆ తలాన్ని ఇక ముట్టకూడదు. అప్పటికి కింది వాలు ఒలవాల్సి వస్తుంది. ఆ మట్టి నేరుగా పై తలం మీదికి వెళ్తుంది.

తలం తయారీలో పొరపాట్లు ఎక్కువ. 6 మీటర్ల తలంలో బయటి అంచున మీటరు వెడల్పు, 60 సెంటీమీటర్ల ఎత్తు రాతి కట్ట కట్టాలి, సున్నం సిమెంటు లేకుండా పేర్చినదే చాలు. లోపలి వైపు, ముఖం పాదాన ఒక మీటరు కాలువకు, రాలిన రాళ్లకు వదలాలి. మధ్యలో మిగిలిన 4 మీటర్లే మొక్కలకు. తలం లోపలికి కొద్దిగా, నూటికి రెండు మూడు వంతులు వాలాలి. బయటికి వాలితే మొదటి తుపానుకే మట్టి కింది తలం మీదికి దిగుతుంది. కుళ్లిన ఖోండలైట్‌లో ఆ లోపలి కాలువ అడుగున బంకమట్టి దట్టించకపోతే నీరు పొరల్లోకి దిగి ముఖాన్ని వెనక నుంచి నెడుతుంది.

మట్టి పోసే ముందు తలం రాయిని పగలగొట్టాలి. నున్నటి బండ మీద అర మీటరు మట్టి పోసి మొక్క పెడితే మూడేళ్లు పచ్చగానే ఉంటుంది. వేర్లు దిగే చోటు లేక చుట్టూ చుట్టుకుంటాయి. నాలుగో ఏడో అయిదో ఏడో పెనుగాలికి చెట్టు పళ్లెంలో పెట్టినట్టు మట్టితో సహా లేచి పడుతుంది. తుది తలంలో అదనంగా అర మీటరు లోతు రంధ్రాలు వేసి తక్కువ పేలుడు మందుతో బీటలిస్తే, అందులో నీరూ వేరూ దిగుతాయి. ఈ బీటలు తలం మధ్యలోనే ఉండాలి, అంచుకు దగ్గరగా వద్దు.

తుది ముఖాన్ని మామూలు బ్లాస్టింగ్‌తో కోస్తే వెనక రాయి కూడా పగిలి ఏళ్ల తరబడి రాళ్లు రాలుతాయి. చివరి వరుసలో రంధ్రాలను వాటి వ్యాసానికి పది పన్నెండు రెట్ల ఎడంలోనే దగ్గరగా వేసి, పలుచగా మందు పెట్టి, మిగతా వరుసల కన్నా ముందే పేల్చి చీలిక తీయాలి. ముఖం గోడలా నున్నగా వస్తుంది.

ఈ దారికి ఉన్న అసలు ఇబ్బంది దుమ్ము. కింద బ్లాస్టింగ్ జరిగినంత కాలం పై తలాల మొక్కల ఆకుల మీద రాతిపొడి పేరుకుంటుంది. ఎండాకాలం వారానికి ఒకసారైనా ఆకులు తడవకపోతే కొత్త చిగురు మాడుతుంది. ట్యాంకరు దారి అప్పటిదాకా ఉండాలి. దాన్ని చివరి నెలల్లోనే తీసేయాలి.

### మడులుగా

కొండ 20 మీటర్లకు మించని ఎత్తులో, వెడల్పుగా, కుళ్లిన రాయి మందంగా ఉంటే దీన్ని మించినది లేదు. లీజును అడ్డంగా మూడు మడులు చేస్తారు. మొదటి మడిలో రాయి అయ్యాక, రెండో మడి మీది వృథా రాయి అడుగున, దాని మీద మొరం, దాని మీద పై మట్టి. కొండ మీద ఏ వరుసలో ఉన్నాయో అదే వరుసలో కొత్త చోట దిగుతాయి. కుప్పలుండవు కాబట్టి వానకు కొట్టుకుపోయే మట్టీ ఉండదు.

మడి వెడల్పు 60 మీటర్లకు తగ్గకూడదు. అంతకంటే ఇరుకైతే టిప్పర్ తిరగలేదు, పని ఒత్తిడిలో మెట్లు మాయమై ముఖం ఒకే గోడవుతుంది. మడి లోపల కూడా పై నుంచి మెట్లుగానే దిగాలి. మట్టి, మొరం పొరల్లో మెట్టు ఎత్తు 1.5 మీటరు మించకూడదు, వెడల్పు ఎత్తు కన్నా తగ్గకూడదు, మెట్లు కోయకపోతే వాలు 45 డిగ్రీలు దాటకూడదు. ఇది 1961 మెటాలిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్‌లో ఉన్న మాట. ఖోండలైట్ కొండల్లో దీన్ని కచ్చితంగా పాటించాలి. పునరుద్ధరణకు వదిలే వాలు ఇంకా మెత్తగా, నిలువు ఒకటికి అడ్డం రెండుగా ఉంటేనే గడ్డి పట్టుకుంటుంది.

చిక్కు క్రషర్ వైపు నుంచి వస్తుంది. రెండో మడి పైభాగమంతా కుళ్లిన రాయే కాబట్టి మడి మారిన రెండు మూడు నెలలు మంచి రాయి దొరకదు. మొదటి మడి అడుగున ఒక మెట్టు రాయిని ఆ నెలల కోసం అట్టిపెట్టుకోవడమే దీనికి విరుగుడు.

## ఎవరికి ఏది

మా అభిప్రాయం సూటిగా: ఇక్కడి 4, 5 హెక్టార్ల లీజులు ఎక్కువవాటికి కలిపిన దారే నప్పుతుంది. పైన రెండు మూడు మెట్లు లీజు వెడల్పంతా ఒకేసారి తీసి, తుది తలాలకు మట్టి పోసి నాటేయాలి. తర్వాత కింది భాగాన్ని రెండు మడులు చేసుకోవాలి. పైమెట్లు కుళ్లిన రాయి, కిందివి నల్లరాయి అయిన కొండల్లో ఇది రాయికి కూడా సరిపోతుంది. పై ఉదాహరణలో దీని క్రమం ఇలా ఉంటుంది. మొదటి ఏడు పైకి దారి, కాలువ, తేట గుంట, హద్దు పట్టీలో మొక్కలు. రెండో ఏడు మృగశిర కార్తె లోపు మొదటి తలం సిద్ధం, ఆరుద్రలో నాటు. మూడో ఏడు రెండో, మూడో తలాలు. నాలుగో ఏడు ఒకటో మడి చదును, అయిదో ఏడు రెండో మడి, చివరగా ర్యాంపు.

క్రషర్‌కు రాయి ఆగకూడదనుకునే లీజుదారుకు మొదటి ఏడు దారి ఖర్చు భారంగా కనిపిస్తుంది. ఆ దారినే రాయి కూడా దిగుతుంది కాబట్టి దాన్ని పునరుద్ధరణ ఖాతాలో వేసి భయపడనవసరం లేదు.

పాత క్వారీని, అప్పటికే ఒకే గోడగా కోసిన ముఖాన్ని పాడుకున్నవారి సంగతి వేరు. పైనుంచి మొదలుపెట్టే వీలు వారికి ఉండదు. ముఖం పై అంచును వెనక్కి మెట్లుగా కోసి, ఆ రాయిని పాదాన గుట్టగా పోసి వాలు చేయడమే మార్గం. దానికి 7.5 మీటర్ల హద్దు దాటకుండా వెనక చోటుందో లేదో వేలం ముందే కొలుచుకోవాలి. చోటు లేకపోతే ఆ క్వారీ పాడవద్దు.

గ్రామసభ చూడవలసింది ఇంకొకటి. కొరాపుట్, రాయగడ జిల్లాలు పూర్తిగా, గజపతిలో గుమ్మ, రాయగడ (ఇది జిల్లా కాదు, అదే పేరున్న బ్లాకు) బ్లాకుల వంటి భాగాలు షెడ్యూల్డు ప్రాంతం. అక్కడ చిన్న ఖనిజాల లీజుకు 1996 పెసా చట్టం (షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీ వ్యవస్థను విస్తరించిన చట్టం) ప్రకారం గ్రామసభ లేదా పంచాయతీ ముందస్తు సిఫారసు తప్పనిసరి. తీర్మానంలో ‘మొక్కలు నాటాలి’ అని రాసి వదిలేయవద్దు. ఏ ఏడు ఏ తలం పూర్తవాలి, మట్టి కుప్ప ఎక్కడుంటుంది, తేట గుంటను ఏటా ఎవరు పూడిక తీస్తారు, పశువుల దారి ఎటు మళ్లుతుంది అని పటం మీద గీయించి రాయించండి.

## నేల చివరికి ఏమవ్వాలి

ఊరు సాధారణంగా చెరువు అడుగుతుంది, లీజుదారు జీడితోట అంటాడు.

జీడికి మీటరు లోతు మట్టి, నీరు నిలవని నేల కావాలి. ఖోండలైట్ మొరం ఉన్న మడుల్లో బాగా వస్తుంది. నల్లరాయి చదునులో గుంత తవ్వి పెడితే ఆ గుంతే వానాకాలం తొట్టి అవుతుంది, మొక్క వేరు కుళ్లి చస్తుంది. అక్కడ మేత గడ్డే మేలు. స్టైలో (పప్పుజాతి మేత మొక్క) వేస్తే నేలకు నత్రజని కూడా చేరుతుంది.

చెరువు కొండవాలు క్వారీలో తనంత తాను రాదు. చదును కన్నా కిందికి తవ్విన గుంట ఉంటేనే నీరు నిలుస్తుంది. నల్లరాయిలో బీటలు తక్కువగా ఉన్న చోట వేసవి దాకా ఉంటుంది. నిటారు గోడల గుంటను అలాగే ఊరికి అప్పగిస్తే పిల్లలు, పశువులు అందులో పడతారు. కనీసం ఒక వైపు నిలువు ఒకటికి అడ్డం నాలుగు వాలుతో దిగుడు, మిగతా వైపులా నడుమెత్తు రాతి గోడ ఉంటేనే అది చెరువు. తలాల మీద సీతాఫలం, ఉసిరి, కానుగ, మోదుగ. పాదాన వృథా రాయి రెండు మీటర్లు పోసిన చోట వెదురు. రాతి కట్ట వెంట వట్టివేరు, బెత్తెడు ఎడంతో. యూకలిప్టస్ త్వరగా పచ్చగా కనిపిస్తుంది, కింద గడ్డి మొలవనివ్వదు. తలం మట్టి కొట్టుకుపోవడం ఆగదు. సుబాబుల్ ఒకసారి వేస్తే చుట్టుపక్కల పోడు భూముల్లోకి పాకుతుంది. జువ్వి, రావి పక్షులే తెచ్చి నాటుతాయి. అవి చదునులో ఉండవచ్చు గానీ, పై ముఖాల బీటల్లో మొలిస్తే వేరు మేకులా రాయిని విడదీస్తుంది. ఏటా దసరాకు ముందు ఎక్కి పీకించాలి.

ఏ దారి ఎంచుకున్నా, ముఖం పై అంచు వెనక నేలలో బీట కనిపిస్తే దానికి అటూ ఇటూ ఒక్కో ఇనుప మేకు దిగగొట్టి, మధ్య దూరం టేపుతో కొలిచి, తేదీతో రాసుకోండి. వానాకాలంలో వారానికొకసారి, తుపాను హెచ్చరిక ఉన్న రోజుల్లో పొద్దున, సాయంత్రం కొలవాలి. వరుసగా రెండు కొలతల్లో దూరం పెరిగితే కింది మెట్లలో మనిషినీ మిషన్‌నూ ఉంచకూడదు. బీటలోకి నీరు దిగకుండా పైన బంకమట్టి దట్టించి, కాలువను దానికి ఇంకా పైకి జరపాలి.